షాహీన్ మాటల పుస్తకం నాకిచ్చి వెళ్ళండి

సభకు అధ్యక్షులైన హెడ్‌మాస్టర్ యేసుప్రసాద్ సార్‌కు, డోన్ నుంచి ఎండలో శ్రమపడి వచ్చిన విద్యాశాఖ పెద్దలు అరుణ్ కుమార్ గారికి, పంతుళ్ళకు, పంతులమ్మలకు, నాతోపాటు బండల పాలిష్ ఫ్యాక్టరీలో పనిచేస్తూ ఈ పూట పని మానుకుని వచ్చి వెనక వరుసలో కూర్చున్న నా తోటి ఆడవాళ్ళకు, పిల్లలకు, ఈ రోజుతో ఉద్యోగం దిగుతున్న ఇంగ్లీషు టీచరమ్మ వెంకటలక్ష్మమ్మ గారికి, అందరికీ నా సలాములు, నమస్కారాలు.

నా పేరు దస్తగిరమ్మ. బేతంచెర్లలో నేను తెలియనివాళ్ళు తక్కువే గానీ డోన్ నుంచి వచ్చిన సార్ కోసం చెబుతున్నాను. నేను షాహీన్ తల్లిని. షాహీన్ ఈ బడిలోనే తొమ్మిదో తరగతి చదువుతూ మూడేళ్ళ కిందట డెంగీ జ్వరంతో పోయింది. నాకు అదొక్కతే. నేను నాలుగో తరగతి వరకు చదివాను. తెలుగు కూడబలుక్కుని రాస్తాను, ఇంగ్లీషు అసలే రాదు. ఈ కాగితం రాయడానికి తొమ్మిది రోజులు పట్టింది. మా పక్కింటి శివాని, షాహీన్‌తో కలిసి చదువుకున్న పిల్ల, తప్పులు దిద్దింది. దిద్దుతూ దిద్దుతూ ఒక చోట ఆగి, "ఇది తీసేద్దాం అత్తా, సభలో బాగుండదు" అనింది. "అది తీసేస్తే నేను పోయేదే దండగ, ఉండనీ పాపా" అన్నాను. కాబట్టి ముందే చెబుతున్నాను, బాగుండనిది ఒకటి ఇందులో ఉంది.

నాకంటే ముందు ఏడుగురు మాట్లాడారు. టీచరమ్మ మంచిదని ఏడుగురూ చెప్పారు. మంచిదే. కాదని నేను అనడం లేదు. నేను పొగడడానికి రాలేదు, ఒకటి అడగడానికి వచ్చాను. టీచరమ్మ దగ్గర నా కూతురి నోటుబుక్కు ఒకటుంది. రేపు పొద్దున టీచరమ్మ సామాను లారీ ఎక్కి కడపకు పోతుంది. ఆ పుస్తకం కడపకు పోకూడదు. అది నాకు కావాలి.

(సభలో గుసగుసలు)

హెడ్‌మాస్టర్ గారు గడియారం చూసుకుంటున్నారు. సార్, మీరు ఐదు నిమిషాలన్నారు. ఇందాక మాట్లాడిన లెక్కల సార్ అరగంట తీసుకున్నారు, ఆయన్ను మీరేమీ అనలేదు. (నవ్వులు) నాకు కూడా కాస్త ఇవ్వండి.

ఆ పుస్తకం ఏమిటో చెబుతాను. టీచరమ్మ క్లాసులో ఒక పద్ధతి ఉంది. రోజుకొక ఇంగ్లీషు మాట బోర్డు మీద రాస్తుంది. పిల్లలు దానికి మూడు వాక్యాలు రాయాలి, ఇంగ్లీషులోనే. గైడు చూసి రాస్తే ఒప్పుకోదు. ఆ మాట ఇంట్లో మనిషికో వీధిలో మనిషికో అన్వయించి రాయాలి, దాని విషయంలో నువ్వేం చేస్తావో ఆఖరి వాక్యంలో రాయాలి. దానికి పిల్లలు మాటల పుస్తకం అని పేరు పెట్టుకున్నారు. అంటే చూడండి, మా ఊరి ఇళ్ళలో గుట్టంతా ముప్పై ఏళ్ళుగా ఈమె దగ్గరకే చేరింది. పిసినారి అనే మాట కింద ఎవరి నాయన ఉన్నాడో, చాడీలు అనే మాట కింద ఎవరి మేనత్త ఉందో ఈమెకు తెలిసినట్టు మా ఊళ్ళో ఎవరికీ తెలియదు. హెడ్‌మాస్టర్ గారి అబ్బాయి కూడా ఈ బడిలోనే చదివాడు. సోమరి అనే మాట వచ్చినప్పుడు ఎవరి మీద రాశాడో ఆమెనే అడగాలి. (పెద్దగా నవ్వులు. హెడ్‌మాస్టర్ గారు కూడా నవ్వారు.)

నా కూతురు కూడా అట్లాగే రాసేది. బడి నుంచి రాగానే అన్నం కూడా తినకుండా గోడకు ఆనుకుని కూర్చుని, పెన్ను గట్టిగా నొక్కి రాసేది. నేను ఫ్యాక్టరీ నుంచి వచ్చి, ఒంటి మీది బండల పిండి కడుక్కుని, "ఏం రాస్తాండావు పాపా" అంటే, "టీచర్‌కి మా, నీకు కాదు" అనేది. నవ్వుతూనే అనేది. తొమ్మిది నెలలు మోసిన నాకు కాదట, రోజూ ఒక గంట చూసే టీచర్‌కట.

నాకు టీచరమ్మ మీద కుళ్ళు. శివాని తీసేద్దామన్న మాట ఇదే. ఇంకో మాట దొరకలేదు నాకు.

ఎప్పుడు మొదలైందంటే, ఎనిమిదో తరగతిలో పిల్లలందరినీ మహానంది తీసుకుపోయారు. అక్కడ నీళ్ళలో ఆడి తల తడిసిన ఆడపిల్లలకు టీచరమ్మే తల తుడిచి జడలు వేసింది. మంచి పనే, ఎవరి బిడ్డకైనా జలుబు చేయకూడదు గదా. మరుసటి రోజు బడికి పోయే ముందు నేను దువ్వెన పట్టుకుంటే షాహీన్ తల వెనక్కి లాక్కుని, "నొప్పి మా, టీచర్ ఇట్ల లాగలేదు. ఆమె చేయి శానా మెత్తగుండాది" అనింది. నా చేయి మెత్తగా ఎట్లుంటుంది? పదిహేడేళ్ళుగా బండలు ఎత్తే చేయి ఇది. ఈ హాలులో మీరు కాళ్ళు పెట్టుకున్న బండలు కూడా మా ఫ్యాక్టరీలో తయారైనవే. ఆ రోజు నుంచి నేను చేతులకు కొబ్బరినూనె రాసుకుని, ఆరేదాకా ఆగి, ఆ తరువాతే దువ్వెన పట్టేదాన్ని. ఎందుకు రాసుకుంటున్నానో దానికి చెప్పలేదు. టీచరమ్మ జాతర రోజు కట్టుకున్న చీర బాగుందని షాహీన్ అంటే, నా చీర నాకు గోనెపట్టలాగా కనిపించేది. ఇప్పుడు నవ్వొస్తుంది. అప్పుడు రాలేదు.

(ఎవరో నీళ్ళిచ్చారు.)

తొమ్మిదో తరగతిలో, వానలు పడి తగ్గిన కాలంలో జ్వరం వచ్చింది. కర్నూలులో ఆస్పత్రిలో పెట్టాము. షాహీన్ నాయన లారీ డ్రైవరు, ఆ వారం లోడు మీద దూరం పోయి ఉన్నాడు. నేనొక్కదాన్నే ఉన్నాను. వాళ్ళు ఇచ్చే కాగితాలన్నీ ఇంగ్లీషులో ఉండేవి. నేను తీసుకుపోయి మంచం మీద పెడితే షాహీనే చదివి, "ఈడ సంతకం పెట్టు మా, ఈడ వద్దు" అని చూపించేది. దాని జ్వరం కాగితం అదే చదివేది. మూడో రోజు ఒక పరీక్ష కాగితం వచ్చింది. అదీ దానికే ఇచ్చాను. చాలాసేపు చూసింది. "ఏమి పాపా" అన్నాను. "బాగుండాది మా, తగ్గతాండాది" అనింది.

అప్పుడే టీచరమ్మ వచ్చింది, సంచిలో బత్తాయిలు పెట్టుకుని. బేతంచెర్ల నుంచి బస్సులో పడి వచ్చింది పాపం, అది కూడా నిజమే. వచ్చి మంచం మీద కూర్చుని షాహీన్ చేయి పట్టుకుంది. ఇద్దరూ ఇంగ్లీషులో మాట్లాడుకున్నారు. నేను మధ్యలో నిలబడి ఈమె మొహం చూసేదాన్ని, దాని మొహం చూసేదాన్ని. ఆ మాటల్లో ఒక మాట రెండుసార్లు వినబడింది. హెల్ప్‌లెస్. వార్డు బయటకు వచ్చాక, "ఏమనింది టీచరమ్మా" అని అడిగాను. "ఏం లేదమ్మా, చదువు గురించి" అన్నారు. మీకు గుర్తుందా? గుర్తుంది, తల ఊపుతున్నారు.

ఆ మధ్యాహ్నం నేను ఆస్పత్రి క్యాంటీన్‌లో కూర్చుని, మూడు రోజుల తరువాత కడుపునిండా అన్నం తిన్నాను. బిడ్డకు తగ్గుతోంది గదా అని పెరుగన్నం రెండోసారి అడిగి పెట్టించుకున్నాను. మరుసటి రోజు పొద్దున షాహీన్ పోయింది.

(కాగితం తిప్పింది.)

మా ఇళ్ళలో నలభయ్యో దినం ఫాతిహా చదివించి, పోయినవాళ్ళ బట్టలు, వస్తువులు వాళ్ళ పేరు మీద ఎవరికైనా పనికొచ్చేట్టు ఇచ్చేస్తాము. ఇచ్చింది మళ్ళీ అడగరు. బట్టలు మా చెల్లెలి బిడ్డకు పోయాయి. పుస్తకాలు ఏ పిల్లలకైనా పనికొస్తాయని సంచిలో వేసి నేనే తెచ్చి టీచరమ్మ చేతికి ఇచ్చాను. ఇంగ్లీషు పుస్తకాలన్నీ నా కంటికి ఒకటే. అందులో మాటల పుస్తకం కూడా పోయింది. అది ఏమిటో తెలిసి ఉంటే చేయి విరిగినా ఇచ్చేదాన్ని కాదు.

ఆ తరువాత రెండేళ్ళుగా ఒక వింత జరిగేది. బస్టాండు దగ్గర నిలబడితే బడి పిల్లలు, నాకు ముక్కూ మొహం తెలియని పిల్లలు, దగ్గరకొచ్చి, "అత్తా, ఏమన్నా ఇంగ్లీషు కాగితాలుంటే సదివి చెప్పేదా?" అని అడిగేవాళ్ళు. ఒకరిద్దరు కాదు. నేను కసురుకునేదాన్ని. "నా కాగితాలతో నీకేం పని? పో, బస్సు వస్తాండాది" అనేదాన్ని. వీళ్ళకు నేనే ఎందుకు దొరికానో అర్థమయ్యేది కాదు.

పోయిన నెల శివాని చెప్పింది. కాలేజీకి సెలవులిస్తే వచ్చి మా అరుగు మీద కూర్చుంది. "టీచర్ పోతాండారంట గదా అత్తా. షాహీన్ పుస్తకం ఇంక క్లాసులో ఎవరు సదివి వినిపిస్తారో" అనింది. "ఏ పుస్తకం?" అన్నాను. అప్పుడు బయటపడింది. ప్రతి ఏడాదీ తొమ్మిదో తరగతి పిల్లలకు వాక్యాలు ఎట్లా రాయాలో చూపించడానికి టీచరమ్మ నా కూతురి పుస్తకం తెరిచి చదువుతుంది. అందులో హెల్ప్‌లెస్ అనే మాట పేజీ తప్పకుండా చదువుతుంది. ఆ పేజీ నా మీద. శివానికి నోటికొచ్చు. మొదట ఇంగ్లీషులో చెప్పింది, తరువాత తెలుగులో చెప్పింది.

"మా అమ్మ నాలుగడుగుల బండను ఒక్కతే ఎత్తి నిలబెడుతుంది. ఇంగ్లీషు కాగితం ముందర మాత్రం హెల్ప్‌లెస్. అప్పుడు కాగితం నేను చదువుతాను."

ఇదీ దాని పేజీ. ఈ ఊళ్ళో రెండేళ్ళుగా తొమ్మిదో తరగతి దాటిన ప్రతి బిడ్డకూ నా కూతురు నా గురించి ఏం రాసిందో తెలుసు. నాకు తప్ప. కడుపు మండదా, మీరే చెప్పండి.

ఆ వారమే టీచరమ్మ ఇంటికి పోయాను. సామాను సగం కట్టి ఉంది. గడప దాటకుండానే అడిగాను.

"టీచరమ్మా, హెల్ప్‌లెస్ అంటే ఏంది?"

"ఎవరు చెప్పినారు నీకు ఆ మాట?" అన్నారు.

"ఎవరో చెప్పినారు లెండి. మీరు చెప్పలేదు గదా."

"లోపలికి రా దస్తగిరమ్మా. కూర్చో."

కూర్చున్నాను. క్లాసులో చెప్పినట్టే చెప్పింది. ఆమెకు వేరే రకంగా చెప్పడం రాదు. (నవ్వులు) డిక్షనరీలో నిస్సహాయ అని ఉంటుందట. పిల్లలు దాన్ని చూసి సాయం చేసేవాళ్ళు లేనివాళ్ళు అని రాస్తారట, అది సగమే ఒప్పట. చుట్టూ పదిమంది సాయానికి నిలబడినా, తన వల్ల ఏదీ కాని చోట ఉన్న మనిషికి ఆ మాట వాడతారట. అప్పుడే పుట్టిన బిడ్డకు వాడతారు, వరదలో చెట్టెక్కి కూర్చున్నవాడికి వాడతారు. తిట్టు కాదు. "కానీ ఫలానా మనిషి హెల్ప్‌లెస్ అని ఊరికే రాస్తే నేను మార్కు వేయను" అన్నారు. "దేని ముందర? ఎప్పుడు? అది రాయాల. మనిషి మొత్తానికి ఆ మాట అంటించేదానికి మనమెవరు? నీ కూతురు ఒక్కతే దాన్ని సరిగ్గా రాసింది. అందుకే చదివి వినిపిస్తా."

మేము ఆ మాటకు దిక్కు తోచలేదంటాము, చేతులు ఆడలేదంటాము. నాకు అర్థమైంది. కానీ నేను పోయింది ఆ ఒక్క అర్థం కోసం కాదు.

"ఆ పొద్దు ఆస్పత్రిలో మీరిద్దరూ అనుకునింది ఈ మాటే గదా. ఏమనింది నా బిడ్డ?"

టీచరమ్మ కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకుంది. చెప్పింది. షాహీన్ అన్నదట, "ప్లేట్‌లెట్లు బాగా పడిపోయాయి టీచర్, కాగితంలో చదివినాను. అమ్మకు బాగుందని చెప్పినాను, మీరు చెప్పొద్దండి. ఎప్పుడూ కాగితం చదివిపెట్టేది నేనే గదా, ఈ కాగితం ముందర నేనే హెల్ప్‌లెస్" అని.

నేను పెరుగన్నం తింటున్నప్పుడు ఈమెకు తెలుసు. ఒక పద్నాలుగేళ్ళ బిడ్డకు తెలుసు. తల్లికి తెలియదు. తెలిస్తే ఏం చేసేదానివని టీచరమ్మ అడగలేదు, నేనే నన్ను అడుక్కున్నాను. ఏమీ చేసేదాన్ని కాదు. పక్కన కూర్చునేదాన్ని. భయపడేటప్పుడు దాని చేయి పట్టుకునేదాన్ని. ఆ చేయి ఆ రోజు మీరు పట్టుకున్నారు టీచరమ్మా. నాకు మీ మీద ఉన్న కుళ్ళంతా అదే. జడ కాదు, చీర కాదు.

అప్పుడు పుస్తకం అడిగాను. ఈమె ఏమన్నదో తెలుసా? "నువ్వే ఇచ్చినావు గదా దస్తగిరమ్మా, ఆ బిడ్డ పేరు మీద. వేరే ఏదన్నా అడుగు. అది నేను ఇయ్యలేను." ముప్పై ఆరేళ్ళ ఉద్యోగంలో తనకంటూ పెట్టుకున్నది అదొక్కటేనట. ముందు వరుసలో చూడండి, ఆమె కొడుకు, కోడలు, కూతురు, ఇద్దరు మనవళ్ళు. పిల్లలు ముచ్చటగా ఉన్నారు, అల్లా చల్లగా చూడాలి. ఈ రోజు ఆమెకు శాలువా వచ్చింది, దండలొచ్చాయి, వెండి పళ్ళెమొచ్చింది. నా ఒక్క కూతురి ఒక్క పుస్తకం కూడా ఆమెకేనా?

(మూడో వరుసలో దస్తగిరమ్మ బావ అల్లాబక్ష్ లేచి నిలబడ్డాడు.)

ఇక్కడి నుంచి నా కాగితంలో లేదు. మా బావ ఏదో అంటున్నాడు. చెప్పు బావా, అందరికీ వినబడేట్టు చెప్పు.

"దస్తగిరీ, నలభయ్యో దినం ఇచ్చింది మళ్ళా అడిగేది మన ఇండ్లల్లో యాడా లేదు. నలుగుర్లో మర్యాద తీస్తాండావు. కూసో."

కూర్చోను బావా. సంచిలో ఏముందో తెలియకుండా ఇచ్చాను. ఏమిస్తున్నామో తెలియకుండా ఇస్తే అది ఇచ్చినట్టు ఎట్లవుతుంది? ఒకవేళ ఇచ్చినట్టే అయితే, అడిగిన పాపం నాదే. రేపు దేవుడి దగ్గర నేనే జవాబు చెప్పుకుంటాను, నిన్ను పిలవను. (అక్కడక్కడా నవ్వులు. ఆడవాళ్ళ వైపు నుంచి ఎవరో "అడుగు దస్తగిరీ" అన్నారు.)

టీచరమ్మ ఏదో అంటోంది. మైకు ఇవ్వండి ఆమెకు.

"దస్తగిరమ్మా, అన్ని పేజీలూ జిరాక్స్ తీయించి రేపు పొద్దున్నే నేనే తెచ్చి నీ చేతికిస్తా. అక్షరం పోకుండా ఉంటాయి. ఒప్పుకోమ్మా."

జిరాక్స్ మీరు పెట్టుకోండి టీచరమ్మా. మీకు అక్షరాలు వస్తాయి, మీకు జిరాక్స్ చాలు. నాకు చాలదు, ఎందుకో చెబుతాను. మా ఫ్యాక్టరీలో మెషిన్ మీంచి దిగిన బండ తడిగా ఉంటుంది. తడి మీద గరుకు బండ కూడా అద్దంలాగా మెరుస్తుంది. కంటితో చూసి ఇది నునుపు, ఇది కాదు అని ఎవరూ చెప్పలేరు. కళ్ళు మూసుకుని అరచేయి పెట్టి తోస్తాము, ఎక్కడ గరుకుందో చేతికి తెలుస్తుంది. మా షాహీన్ పెన్ను ఎంత గట్టిగా నొక్కేదంటే, ఇటు పక్క రాస్తే అటు పక్క గీతలు ఉబికి వచ్చేవి. ఆ కాగితం తిప్పి నేను అరచేయి పెడితే నా బిడ్డ చేయి ఎక్కడ నొక్కిందో నాకు తెలుస్తుంది. ఏమి రాసిందో తెలియకపోయినా ఎట్లా రాసిందో తెలుస్తుంది. జిరాక్స్ కాగితం వెనక ఏముంటుంది? ఏమీ ఉండదు.

(టీచరమ్మ కుర్చీలోంచి లేచారు. భుజానికున్న సంచి తెరిచారు.)

చూశారా, సంచిలోనే ఉంది! సామానులో కూడా కట్టలేదు, పక్కనే పెట్టుకుని తిరుగుతోంది. (నవ్వులు) నీలం అట్ట. అదే. షాహీన్ అట్ట మీద కాగితం పూలు అంటించేది, అవి కూడా అట్లాగే ఉన్నాయి.

(టీచరమ్మ మైకు దగ్గరకు వచ్చి పుస్తకం చాపారు.)

వదలడం లేదు సార్, చూడండి. ఒక పక్క నేను పట్టుకున్నాను, ఒక పక్క ఆమె పట్టుకుంది. వదలండి టీచరమ్మా.

(ఎవరూ నవ్వలేదు.)

వదిలింది.

నేను ఇంటి దగ్గర ఒకటి అనుకుని వచ్చాను. ఈ పుస్తకం నా చేతికొచ్చాక, "మూడేళ్ళు నాకు ఎట్లుండిందో ఇప్పుడు మీకు తెలుస్తుంది" అని మైకులో అనాలని. తొమ్మిది రోజుల్లో ఎక్కువసార్లు కొట్టేసి మళ్ళీ రాసుకున్న వాక్యం అదే. ఈమె మొహం చూస్తూ దాన్ని చదవలేను. తెలుస్తోంది ఆమెకు. నేను చెప్పాల్సిన పని లేదు.

ఇందులో నూటికి పైగా మాటలున్నాయని శివాని చెప్పింది. నాకు ఒక్కటే తెలుసు. మిగతావాటిలో ఎక్కడెక్కడ నేనున్నానో, ఎక్కడ వాళ్ళ నాయన ఉన్నాడో, ఎక్కడ మా మీద కోపంతో రాసిందో నాకు తెలియదు. శివాని చదవగలదు గానీ ఆ పిల్ల కాలేజీకి పోతుంది. పైగా ఏ మాట రాసిన రోజు షాహీన్ క్లాసులో ఏమన్నదో, ఎందుకు నవ్విందో శివానికి అంతా తెలియదు. మీకు తెలుసు. అందుకని టీచరమ్మా, కడప ఏమంత దూరం కాదు, మీరు వస్తూ ఉండండి. మా ఇంట్లో మంచం వేస్తాను, కూర్చుని చదవండి, ఒక్కో మాటకూ అర్థం చెప్పండి, దాని సంగతులు చెప్పండి. బడికి పోకముందు అది ఇంట్లో ఎట్లుండేదో, మీకు తెలియనివి నా దగ్గర బోలెడున్నాయి, అవి నేను చెబుతాను. భోజనం కూడా పెడతాను. పుస్తకం మాత్రం నా ఒళ్ళోనే ఉంటుంది. పేజీలు నేను తిప్పుతాను. మీ చేతికి ఇవ్వను.

(నవ్వులు, చప్పట్లు)

ఇంతసేపు ఓపిక పట్టిన హెడ్‌మాస్టర్ గారికి, ఒక సభకు పిలిస్తే ఇంకో సభ చూసిన డోన్ సార్‌కు, నా మీద కోపంగా ఉన్న మా బావకు, దండ మెడలో ఉండగానే దిగి వచ్చిన టీచరమ్మకు నా కృతజ్ఞతలు. ఫ్యాక్టరీలో మధ్యాహ్నం లోడింగు ఉంది, నేను పోవాలి. సెలవు.